జోకుమారుణ్ణి దాచిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్లో వినాయకుణ్ణి నీళ్లలో కలిపేశాక ఇంకో దేవుడు వచ్చేవాడు. పేరు జోకుమారుడు. విడపనకల్లు దాటి కన్నడ సీమ వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తప్ప ఈ దేవుణ్ణి ఎరిగినవాళ్లు తక్కువ. ఆయనకు గుడి లేదు, పూజారి లేడు. బంకమట్టితో చేసిన బొమ్మ, అంతే. గుండ్రటి పెద్ద కళ్లు, మెలితిప్పిన మీసాలు, చెవుల దాకా సాగిన నోరు. వేపాకు పరిచిన బుట్టలో ఆయన్ను కూర్చోబెట్టుకొని ఆడవాళ్లు ఏడు రోజులు ఇంటింటికీ తిరిగి పాటలు పాడేవాళ్లు. ఆ బుట్ట ఎత్తుకునే హక్కు మా ఊళ్లో ఒకే ఇంటివాళ్లది. ఆ ఇంటి పెద్దమ్మను అందరం బుట్ట పెద్దమ్మ అనేవాళ్లం. వాకిట్లోకి వచ్చినప్పుడు చాటలో జొన్నలు పోసి, దేవుడి నోటికి కాస్త వెన్న రాస్తే, ఆమె నాలుగు వేపాకు రెబ్బలూ గుప్పెడు నూకలూ ఇచ్చేది. వాటిని చేలో చల్లితే పైరు నిలబడుతుందని నమ్మకం.

ఆయన కథ నాకు చెప్పింది మా అవ్వ. వినాయకుడు ముందుగా భూమ్మీదికి వచ్చి, కుడుములూ ఉండ్రాళ్లూ కడుపునిండా తిని, కైలాసానికి పోయి, కింద అందరూ చల్లగా ఉన్నారని తండ్రికి చెబుతాడట. ఆయన తమ్ముడు జోకుమారుడు అట్లా కాదు. ప్రతి గడపా తొక్కి, అడుగంటిన బావులూ ఎండిన చేలూ చూసి, ఉన్నది ఉన్నట్టు చెబుతాడట. అప్పుడు గానీ శివుడికి వాన పంపాలని తోచదట. మరి ఏడో రోజున ఎక్కడికి పోతాడని అడిగితే, "వాళ్లమ్మ దగ్గరికి పోతాడు పాపా" అని ఊరుకుంది అవ్వ.

నాకు ఎనిమిదేళ్లప్పుడు పెద్ద కరువు. కొర్ర పైరు మోకాలెత్తుకు కూడా రాకుండానే ముడుచుకుపోయింది. మా నాయన చేను చూసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడేవాడు. ఒకరోజు అమ్మతో, "పున్నమి దాకా చూస్తా. వాన రాకుంటే ఎద్దుల్ని సంతకు తోలి, బళ్లారి పక్క కాలవ కిందికి కూలికి పోతా" అన్నాడు. ఆ ఎద్దుల మెడల కింద నిలబడి ఆడుకున్నదాన్ని నేను. ఆ ఏడు బుట్ట వాకిట్లోకి వచ్చిన ప్రతిసారీ వెన్న నేనే రాశాను. మా బర్రె వట్టిపోయే రోజులు కావడంతో వెన్న గోరంతే వచ్చేది. రాస్తూ ఆయన చెవిలో ఎద్దుల సంగతి చెప్పేదాన్ని. పైన మరిచిపోకుండా చెప్పమని రోజూ గుర్తుచేసేదాన్ని. మూడో రోజుకే ఆయన నాకు దేవుడి కంటే ఎక్కువ స్నేహితుడయ్యాడు.

ఏడో రోజు పొద్దున పక్కింటి అక్క నీళ్ల బిందె దించుతూ నవ్వింది. "ఏమే, అంత ముద్దు చేస్తాండావు. మాపటికి వాన్ని కొట్టి సంపుతారు గదా, నీకు తెల్దా?"

నాకు తెలియదు. మిగతా కథ ఆమే చెప్పింది. జోకుమారుడు చాకలివాళ్ల పిల్ల వెంట పడ్డాడనీ, వాళ్లు వంక దగ్గర బట్టలుతికే బండల మధ్య కొట్టి చంపారనీ, ఏటేటా ఆ చావు మళ్లీ చేస్తారనీ, రోకలితో తల పగలగొడితేనే ఆయన పైకి పోయేదనీ. మా అవ్వ నాకు చెప్పకుండా మింగేసింది ఆ సగమే.

అవ్వను అడగలేదు. అడిగితే ఇంకో మాట చెబుతుందనిపించింది. మధ్యాహ్నం బుట్ట పెద్దమ్మ వాళ్లు అన్నానికి లోపలికి పోయినప్పుడు, వాళ్ల అరుగు మీదున్న బుట్టలోంచి బొమ్మను తీసి పావడలో చుట్టుకొని పరిగెత్తాను. మా ఇంట్లో గరిసె ఆ ఏడు ఖాళీ. గింజలు పోయాల్సిన ఆ గరిసె అడుగున ఆయన్ను పడుకోబెట్టి పైన గోనె సంచి కప్పాను. భయపడొద్దని చెప్పాను.

కాసేపటికి వీధంతా గోల. దేవుడు పోయినాడని ఆడవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. ఇంక వాన రాదని ఎవరో ఏడ్చారు. మా అవ్వ నా దగ్గరికి వచ్చింది. నా పావడ మీద వెన్న మరకా మట్టీ చూసి, చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది. పేలు చూస్తానని తల ఒళ్లో పెట్టుకుంది.

"యాడ పెట్టినావు పాపా?"

నేను ముఖం ఆమె ఒళ్లో దాచుకున్నాను.

"నాకొక్కదానికి చెప్పు. ఎవురికీ చెప్పను. వాన్ని ఎవురూ ముట్టుకోకుండా నేను చూసుకుంటా."

"ఒట్టు పెట్టు" అన్నాను.

ఆమె చెయ్యి నా మాడు మీద నిలిచింది. "నీ మీద ఒట్టు."

చెప్పేశాను. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఏడుపంతా వచ్చింది. ఆమె నా జుట్టులో వేళ్లు ఆడిస్తూనే ఉంది. నేను ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి తల కింద మడత పెట్టిన పాత చీర ఉంది. అవ్వ లేదు. గరిసెలోకి తొంగిచూస్తే గోనె సంచి మాత్రం ఉంది.

వంక దాకా పరిగెత్తాను. పొద్దు గుంకుతోంది. బండల మధ్య మట్టి పెళ్లలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక పెళ్ల మీద కన్ను అట్లాగే ఉంది. చంపినవాళ్లే చుట్టూ కూర్చొని రొమ్ములు బాదుకుంటూ శోకాలు పెడుతున్నారు. శోకం ఎత్తుకోవడంలో మా అవ్వను మించినవాళ్లు లేరు. ఏటా మొదలుపెట్టేది ఆమే. ఆ రోజు మాత్రం అందరికీ దూరంగా ఒక్కతే నిలబడి ఏడుస్తోంది. ఆ దూరం సంగతి నాకప్పుడు పట్టలేదు.

"నా మీద ఒట్టు పెడితివి గదా!" అని అరిచాను.

"పెడితి."

"మరి ఎందుకిచ్చినావు?"

ఆమె నా ముఖం చూడలేదు. "మీ నాయన ఎద్దుల్ని తోలుకపోతాడే. వాన రావాల గదా. ఒట్టు పెట్టేటప్పుడే తెలుసు పాపా నాకు, ఇస్తానని."

ఆ చివరి మాటే నన్ను కోసింది. తప్పనిసరై ఇచ్చిందంటే ఎట్లాగో సర్దుకునేదాన్నేమో. చెయ్యి నా తల మీద ఉండగానే మనసులో నిర్ణయం అయిపోయిందన్నమాట. పైగా ఒట్టు తప్పితే ఎవరి మీద పెట్టారో వాళ్లు చచ్చిపోతారని మా ఈడు పిల్లలందరికీ తెలుసు. అవ్వకు ఎద్దుల కంటే నేను తక్కువనుకున్నాను. వారం రోజులు చావు కోసం చూశాను. కాలికి ముల్లు గుచ్చుకున్నా ఇదేననుకునేదాన్ని.

నేను చావలేదు. వాన కూడా రాలేదు. ఒక సాయంత్రం మబ్బు పట్టింది గానీ గాలి దాన్ని ఊరు దాటించింది. నాయన ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి, పగ్గాలు భుజాన వేసుకొని ఒక్కడే తిరిగివచ్చాడు. మర్నాడు కాలవ కిందికి పోయాడు.

ఆ తర్వాత ఎప్పుడో పక్కింటి అక్కే చెప్పింది. బొమ్మను తిరిగి ఇచ్చేటప్పుడు అవ్వ నా పేరు ఎత్తలేదట. తానే తీశానని చెప్పిందట. ముసలిదానికి మతి పోయిందనీ, దేవుణ్ణి గరిసెలో పడేసిన పాపానికే వాన పోయిందనీ ఊరు ఊరంతా అన్నదట. మరుసటి ఏడు నుంచి ఎవరూ ఆమెను పాటకు పిలవలేదు. బుట్ట మా వాకిట్లోకి వచ్చినప్పుడు కూడా ఆమె లోపలే ఉండి, పెదవులు కదుపుతూ పాట వినేది.

అది తెలిశాక ఆమె దగ్గరికి పోయి ఒడిలో పడాల్సింది. పోలేదు. తల దువ్వించుకున్నాను, ఆమె కలిపి పెట్టిన సంగటి ముద్దలు తిన్నాను, కథలు విన్నాను. కానీ మనసులో మాట ఒక్కటీ మళ్లీ ఆమెకు చెప్పలేదు. ఆమె మంచం పట్టిన రోజుల్లో, "ఇంకా కోపమేనా పాపా?" అని అడిగింది. "లేదవ్వా" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా కొడుకు పొలంలో బోర్లు వేసి వేసి అలిసిపోయాడు. బుట్ట మాత్రం ఇంకా వస్తోంది. పాడేవాళ్లు ఇద్దరే మిగిలారు. పోయిన ఏడు మా మనవరాలు, "ఏడో దినం యాడికి పోతాడు జేజీ?" అని అడిగింది. వాళ్లమ్మ దగ్గరికి అన్న మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మింగేసి, జరిగేది జరిగినట్టు చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. బుట్ట వాకిట్లోకి వచ్చినా బయటికి రాలేదు. నేనూ పిలవలేదు. చాట పట్టుకొని ఒక్కదాన్నే నిలబడ్డాను.

ఇన్నేళ్లలో ఏ బిడ్డ తల మీదా చెయ్యి పెట్టి ఒట్టు వేయలేదు. మా అవ్వ నన్ను ఊరి నోట్లో పడకుండా కాపాడింది, నాకు ద్రోహమూ చేసింది, రెండూ ఒకే సాయంత్రం. మొదటిది తలుచుకుంటే రెండోది కరిగిపోతుందేమోనని చాలాసార్లు చూశాను. ఈ వయసులో కూడా అది కరగలేదు.