ఐసు గదిలో నీలగిరి

ఆ రోజుల్లో మాకు ప్రయాణంలో సగం సరదా, ఫలానా చోటికి వెళ్తున్నామని ఊరంతా చెప్పుకోవడంలోనే తీరిపోయేది. తొంభైల చివర్లో సంగతి. నాకు ఇరవై మూడేళ్ళు, బందరు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. (అంటే ఏ పడవకి ఎన్ని ఐసు దిమ్మలో చీటీ రాసి, ఎండలో నిలబడి కేకలేసేవాణ్ణి.) బెజవాడ దుర్గమ్మ కొండ తప్ప మరో కొండ ఎక్కి ఎరుగను. మా వైపు చూపు ఎంత దూరం వెళ్తే అంత దూరం వరి, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఆ తర్వాత సముద్రం. అలాంటివాడికి ఒక పాత పత్రికలో నీలగిరుల ఫొటో కనబడింది. మైసూరు దాటాక నేషనల్ పార్కు అడవి, అడవి మధ్యలోంచి రోడ్డు, పొగమంచు, ఆపైన ముప్ఫై ఆరు మలుపులు తిరిగితే కొండ మీద ఊరు. చలికాలంలోనే చూడాలని రాశారు. అది చూడకుండా పోతే నా జన్మ వృథా అనిపించింది. ఆ వయసులో అన్నీ అలాగే అనిపిస్తాయి.

జట్టు ముగ్గురం. నాగాయలంక నుంచి రొయ్యలు తెచ్చే వ్యాను నడిపే వ్యాను బావ (బంధువేం కాదు, మా పక్క వీధి, అంతే), ఇంగ్లీషు, కాస్త అరవం వచ్చిన చర్చి వీధి మాస్టారు, నేను. మాస్టారు క్రిస్మస్ ఆరాధన మానరు, ముప్ఫై ఒకటో తేదీ ప్రార్థనకి లేకపోతే పాస్టరు గారు ఊరుకోరు. కాబట్టి ఇరవై ఆరున తెల్లారేసరికి బయల్దేరి ముప్ఫై ఒకటి సాయంత్రానికి బందర్లో ఉండాలి. ఆ ఐదారు రోజుల కోసం నేను రెండు నెలలు కూర్చుని పొడుగు నోటుబుక్కులో పధ్నాలుగు పేజీల ప్లాను రాశాను. ఎక్కడ కుడికి తిరగాలి, ఎక్కడ డీజిలు పోయించుకోవాలి, ఎక్కడ టీ తాగాలి, ఏనుగు ఎదురైతే ఎవరు మాట్లాడకూడదు, అన్నీ. ఘాట్ రోడ్డు ప్రాక్టీసు కోసం బావ మోపిదేవి వైపు కరకట్ట మీదికెక్కే ఏటవాలు బాటలో వ్యానుని పదకొండుసార్లు ఎక్కించి దించాడు. మా చుట్టుపక్కల అంతకన్నా ఎత్తు దొరకలేదు మరి. కట్ట మీద గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏం బాబూ, ఏమన్నా పారేసుకున్నారా?" అని అడిగాడు.

అంతా కుదిరింది, ఒక్క వ్యాను తప్ప. వ్యాను బావ వాళ్ళమ్మది. ఆవిడ మా అందరికీ అత్తయ్యే. ముప్ఫై ఏళ్ళుగా టోకున చేపలు కొని, ఐసు వేయించి, లారీలకెక్కించే మనిషి. మా ప్లాను ఓపిగ్గా విని, "ఒరేయ్ అబ్బాయ్, తెల్లారి కాస్త మంచు పడితేనే ముసుగు దన్ని పడుకునే బాపతు మీరు. ఆ కొండల మీద బిగుసుకుపోతే నా బండి ఎవడు తెస్తాడ్రా?" అంది.

"చలి నాకు కొత్తా అత్తయ్యా? నేను చేసేది ఐసు ఫ్యాక్టరీలో!" అన్నాను.

"అయితే నీ ఐసు గదిలోనే గంట కూకోండి. ముగ్గురూ కూకుంటే తాళాలు ఇస్తా."

ఆదివారం మధ్యాహ్నం, మాస్టారు చర్చి నుంచి వచ్చాక, పరీక్ష. బస్టాండు దగ్గర నేపాలీ వాళ్ళమ్మే స్వెటర్లు, మంకీ క్యాపులు తొడుక్కుని, చెవుల్లో దూది పెట్టుకుని, బయట చెమటలు కారుతుండగా ముగ్గురం లోపలికి వెళ్ళాం. అప్పుడు తెలిసింది నాకు, రెండేళ్ళ ఉద్యోగంలో నేను ఆ గదిలో రెండు నిమిషాలకు మించి ఉన్నది లేదని. పది నిమిషాలకి మాస్టారు క్రిస్మస్ పాటలు అందుకున్నారు, పన్నెండుకి రాగం వణికింది, పదిహేనుకి పాట ఆగింది. బావ నా వైపు చూసి, "బావా, నా కాళ్ళున్నాయా?" అన్నాడు. ఉన్నాయని చెబుదామంటే నాకు దవడ కదల్లేదు.

ఇరవయ్యో నిమిషంలో తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది. నూలు చీర, వట్టి కాళ్ళు, చేతిలో పండుగప్పల బుట్ట. ఐసు దిమ్మ మీద గోనె పరుచుకుని కూర్చుని, చేపలు ఒక్కొక్కటీ ఐసులో సర్దుతూ, "ఊఁ, చెప్పరా, ఆ అడివిలో ఏవుంటాయి?" అని అడిగింది. వణుకుతూనే చెప్పాను. జింకలు, నెమళ్ళు, మంచు, మలుపులు. ఆవిడ చెయ్యి ఆగింది.

"పెళ్ళైన కొత్తలో మీ మావయ్య ఏదో కొండకి తీసుకెళ్తానన్నాడురా. చేపల వేట బాగా పడితే వెళ్దాం అన్నాడు. అట్టాగే అంటా అంటా పోయాడు."

బావ అప్పటికే బయటికి పరుగెత్తాడు. వెనకే మాస్టారు, ఆ వెనక నేను. అరగంట కూడా కాలేదు. ఎండలో నిలబడి పళ్ళు కొట్టుకుంటుంటే, అత్తయ్య పూర్తిగా గంట కూర్చుని, తీరిగ్గా బయటికొచ్చి అంది. "మీరు ఓడిపోయారు, బండి ఇవ్వను. నన్నూ తీసుకెళ్తే ఇస్తా."

వ్యానులో ముందు ముగ్గురికే చోటు. వెనక రొయ్యల పెట్టె. అందులో కూర్చుంటానని నేను అనలేదు, అనమని ఎవరూ అడగలేదు. బావ లేకపోతే బండి కదలదు. మాస్టారు లేకపోతే దారి అడిగే నోరు లేదు. ఇక నా పని... అదంతా పుస్తకంలో ఉంది. ప్లాను ఎంత పక్కాగా రాశానంటే అందులో నా అవసరమే లేకుండా పోయింది. కావాలంటే మొండికెయ్యొచ్చు. బావ నా పక్షమే. కాని ఐసు గదిలో ఆగిన ఆ చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. "మీరు వెళ్ళిరండి అత్తయ్యా" అని నోరు జారాను. జారిన మరుక్షణం నుంచి ఇరవై ఆరో తేదీ దాకా పశ్చాత్తాపపడ్డాను. ఆ పొద్దున వ్యాను మలుపు తిరిగాక, ఎవరూ చూడకుండా ఏడ్చాను కూడా.

ముప్ఫై ఒకటి సాయంత్రం, మాస్టారు ప్రార్థనకి సరిగ్గా సమయానికి, వచ్చేశారు. అత్తయ్య తిన్నగా ఫ్యాక్టరీకొచ్చింది. "అడివిలో బండి ఆపేసి ఊరికే కూకున్నాంరా. ఎవరూ బేరమాడట్లేదు, ఎవరూ అరవట్లేదు. అంత నిశ్శబ్దం ఎక్కడన్నా ఉంటదా అసలు?" అంది. "నువ్వు రాసినట్టే వెళ్ళాం. ఒక్క మలుపు తప్పలేదు" అని నోటుబుక్కు నా చేతిలో పెట్టింది.

తర్వాత చాలా ఏళ్ళకి మా ఆవిడతో కలిసి ఆ అడవి, ఆ కొండలు నేనూ చూశాను. దారి రెండుసార్లు తప్పాం, వాన కురిసింది, ఒక్క జింకా కనబడలేదు. అందుకే ఎవరైనా నీలగిరి సంగతి అడిగితే నేను చూసింది వదిలేసి అత్తయ్య చూసిందే చెబుతుంటాను. ఎండలో స్వెటరు వేసుకుని వణికిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. నా జీవితంలో వేసిన ప్లాన్లలో పొల్లుపోకుండా నెరవేరింది అదొక్కటే. అందులో నేను లేను కాబట్టే నెరవేరిందని మా ఆవిడ అంటుంది.