మా చెల్లెలు మాత్ర మానలేదు

మా చెల్లెలు మాత్రలు మానేసినందుకే చనిపోయిందని చుట్టాలందరూ చెప్పుకుంటారు. అబద్ధం. ఏలూరులో మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే ఇడ్లీ తినగానే నా కళ్ళముందే వేసుకునేది. ఇచ్చింది నేను.

ఈ కథ చర్చిలో పుట్టింది. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను అయ్యాక, తను టీచరుగా పనిచేసే పెదపాడులో సాక్ష్యం చెప్పింది. "ప్రభువు నన్ను బాగుచేశాడు" అంది. జబ్బు తిరగబెట్టకుండా రోజూ వేసుకునే మాత్ర ఊసెత్తలేదు. అక్కడెవరూ ఎత్తరు. మందు పేరు చెబితే దేవుడి మహిమ తగ్గిపోతుందట! విన్నవాళ్ళు మానేసిందనే అనుకున్నారు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను: "మాత్ర కూడా వేసుకుంటున్నానని ఒక్క ముక్క అనొచ్చుగా?"

"సాక్ష్యంలో మందుల చీటీ చదవమంటావా అక్కా?" అని పకపకా నవ్వింది.

తర్వాత జబ్బు వెన్నెముకకు పాకింది. ఇక నవ్వలేదు.

సమాధి చేసి వచ్చాక, తాడేపల్లిగూడెం పిన్ని నా పక్కన చేరింది. "సాక్ష్యం చెప్పాక మానేసిందంట కదమ్మా."

"నేనే ఇచ్చేదాన్నండీ."

"నీ ముందు నోట్లో వేసుకుని, అటెళ్ళి ఊసేసేదేమో."

"అవునండీ, మీరు గూడెం నుంచి చూశారు కాబోలు."

ఆవిడ మాట ఊరంతా తిరిగింది. నా జవాబు ఆ గుమ్మం దాటలేదు.

నేను జువాలజీ లెక్చరర్ని. కాలేజీలో కొత్తగా పెట్టిన బయోటెక్నాలజీ పాఠం కోసం నెట్ సెంటర్‌లో చదువుతుంటే ఒక ప్రోటీను సంగతి కనపడింది. రొమ్ము గడ్డను పెంచే హార్మోను వచ్చి కణంలో తనను అందుకునే రిసెప్టర్‌ను పట్టుకున్నా, జన్యువులు పని మొదలెట్టాలంటే ఈ ప్రోటీను తోడు రావాలి. చెల్లెలి మాత్ర హార్మోను చోట తాను కూర్చుని, ఆ తోడును రానివ్వదు. కానీ కొందరి గడ్డల్లో ఆ ప్రోటీను మరీ ఎక్కువ. అప్పుడు మాత్ర అడ్డున్నా అది వచ్చి చేరుతుంది. మాత్రే హార్మోనులా పనిచేసి గడ్డను పెంచవచ్చునట.



చెల్లెలికి వైద్యం చేసిన డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తాను. "ఆ ప్రోటీను కొలిచే పరీక్ష మన దగ్గర ఎవరూ చేయరండి," అన్నారాయన మెల్లగా. "గడ్డ ముక్క కూడా ఇప్పుడు దొరకదు. ఇంక ఎందుకమ్మా తవ్వుకోవడం?"

ఎందుకా? మానేసిందన్న నింద మోస్తూ చెల్లెలు మట్టిలో ఉంది. మానలేదని నిరూపించుకుంటే నాకు మిగిలేది అంతకంటే ఘోరం.

దాని గడ్డలో ఆ ప్రోటీను ఎంత ఉండేది? రోజూ నేను చేతిలో పెట్టిన మాత్ర జబ్బును ఆపిందా, మేపిందా?