డుమస్ ఒడ్డున చట్నీలో మునిగిన పరువు

సూరత్‌కు వెళ్లినవాళ్లు చీరలు తెచ్చుకుంటారు, మిఠాయిలు తెచ్చుకుంటారు. నేను మాత్రం ఉన్న కాస్త పరువునూ అక్కడే వదిలేసి వచ్చాను. ఎలా వదిలానో చెబుతాను. నవ్వండి, కానీ కొంచెం మర్యాదగా నవ్వండి. మాది పెద్ద కుటుంబం.

ఎంత పెద్దదంటే, మా తాత వాకిట్లో మగ్గాల చప్పుడుకు ఊళ్లో కోళ్లు కూయడం మానుకున్నాయట. నా వంతుకు వచ్చేసరికి ఒక్క మగ్గం మిగిలింది. దాని మీద మా ఆవిడ సులోచన దుప్పట్లు ఆరేస్తుంది. అయినా నా నడుము వంగలేదు. సులోచన తమ్ముడు రాజేశం సూరత్‌లో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచినప్పుడు, "పరాయి సేటు మరమగ్గాలు నడిపేవాడి ఇంట్లో నేను విస్తరి ముందు కూర్చోను" అన్నాను. ఆ ఒక్క మాటతో అక్కాతమ్ముళ్లు ఏళ్ల తరబడి ఫోన్లోనే పలకరించుకున్నారు.

చివరికి మొన్నటి చలికాలం సులోచన నన్ను రైలెక్కించింది. నేను పంతం కొద్దీ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. ఈ వయసులో ఇద్దరం చేతులు పట్టుకుని సిటీ బస్సులెక్కాం, తాపీ నది వంతెన మీద గాలి పీల్చుకున్నాం, బట్టల బజారులో మూటల బండ్ల కింద పడకుండా బతికి బయటపడ్డాం. ఆదివారం పొద్దున రాజేశం ఫోన్ చేశాడు.

"బావా, మా ఇంటికి రాకుంటే రాకపాయె. సముద్రం ఎవ్వని ఇల్లు గాదు గదా! సాయంత్రం డుమస్‌కు రాండ్రి. మా వియ్యంకులు ముందుగాల వచ్చి చాపలేస్తరు. ఈడనే పుట్టి పెరిగినోళ్లు, తెలుగు జర తక్కువ. మేం వంటలు పట్టుకోని ఎనుక వస్తం."

ఫోన్ పెట్టగానే సులోచన నా ముందు నిలబడింది.

"ఇయ్యాల మా తమ్మునితోని కూసోని కడుపునిండ తినకపోతే, నువ్వొక్కనివే రైలెక్కు. నేను ఈడనే ఉంట."

"తింట తియ్యి."

"ఉత్తగ తినుడు గాదు. తప్పైందని చెప్పాలె."

ఆమె బెదిరించడం లేదు. పెట్టెలోంచి నా బట్టలు అప్పటికే వేరు చేసి పెట్టింది. దాంతో బస్సులో దారి పొడవునా ఆ మాట సాధన చేశాను. చేప ముల్లు మింగినట్టే ఉంది.

డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. బస్సు దిగగానే సులోచన చెప్పులు చేత పట్టుకుని చిన్నపిల్లలా నీళ్ల వైపు వెళ్లిపోయింది. నేను చాపల కోసం చూశాను. కనబడనే కనబడ్డాయి! ఒక ముసలాయన, ఆయన భార్య, పిల్లాజెల్లా, అందరివీ గుజరాతీ మాటలే. ఇంకేముంది, వియ్యంకులే! ఆదివారం ఒడ్డంతా అలాంటి కుటుంబాలే కదా అని మీరంటారు. నిజమే. కానీ ఎక్కడ చాప కనిపించినా మన కోసమే పరిచారనుకోవడం మా వంశంలో పుట్టుకతో వచ్చే జబ్బు. నేరుగా వెళ్లి నట్టనడుమ కూర్చున్నాను.

ముసలాయన ఒక్క క్షణం తెల్లబోయి, "ఆవో భాయి, బేసో బేసో!" అని కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆహా, మనిషిని చూసి వంశం పోల్చుకున్నాడు! వేడివేడి టమాటా భజియాలు, అదే మన బజ్జీలు, పచ్చటి చట్నీ వచ్చాయి. తిన్నాను. ఇంకో ప్లేటు అడిగి తిన్నాను. "చట్నీ జర పత్లా హై" అని, పల్చగా ఉందని సలహా కూడా పారేశాను. ఆ ఇల్లాలు నవ్వి ఇంకో గరిటె వేసింది. అంత మర్యాద చూసేసరికి గుండె కరిగి, రెండు చేతులూ జోడించాను.

"బావగారూ, మీ ముందట చెప్తున్న. రాజేశం బంగారమసోంటోడు. నేనే గర్వంతోని ఆయన గడప తొక్కలే. తప్పైంది."

కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో సగం మిరపకాయవి. ముసలాయన నా భుజం తట్టాడు. ఇల్లాలు కొంగుతో కళ్లొత్తుకుంది. కొడుకులు వెళ్లగొట్టిన తండ్రిననుకుందేమో!

అప్పుడు వెనక నుంచి, "బావా!" అని వినిపించింది.

పక్క చాప మీద రాజేశం, అతని భార్య, అసలు వియ్యంకులు, మూత తియ్యని గిన్నెలు. వాళ్ల మధ్య తడి కాళ్లతో సులోచన. అందరూ నాటకం చూస్తున్నట్టు వరసగా కూర్చున్నారు.

"ఎప్పటి సంది చూస్తున్నరు?" అన్నాను.

"నువ్వు రెండో పలేటు అడిగినప్పటి సంది" అంది సులోచన.

"మరి పిలువద్దా?"

"నేనే ఆగుమన్న. నీ నోట తప్పైందన్న మాట మళ్ల ఇంటనో ఇననో!"

రాజేశం లేచి వచ్చాడు. "మా ఇంట్ల మంచినీళ్లు సుత ముట్టలేదు గని, ముక్కు మొఖం తెల్వనోళ్ల చట్నీకి వంకలు పెడ్తవా బావా? రా, ఇగ మనదాంట్ల కూసో. గా తప్పైందన్నది మళ్లొక్కసారి చెప్పు. గాలికి సగమే ఇనబడ్డది."

గొంతు దాకా భజియాలు. ముందర జొన్నరొట్టెలు, మాంసం కూర, సకినాలు. కడుపునిండా తినాలన్నది షరతు. తిన్నాను. ముద్ద ముద్దకూ మా తాతలు కళ్ల ముందు కదిలారు. ఆ గుజరాతీ కుటుంబం కూడా వింత చూడ్డానికి వచ్చి చుట్టూ నిలబడింది. వాళ్లందరి ముందు, ఊపిరాడని కడుపుతో, రెండోసారి చెప్పాను.

"రాజేశం, తప్పైంది."

ఈసారి రాజేశం నవ్వలేదు. తల తిప్పుకుని సముద్రం వైపు చూశాడు. సులోచన అతని పక్కకు జరిగి కూర్చుంది. ఆ గుజరాతీ ఇల్లాలు మాత్రం మళ్లీ కళ్లొత్తుకుని, నా పళ్లెంలో ఇంకో నాలుగు భజియాలు వేసింది.

అందుకని, అరేబియా సముద్రం సాక్షిగా, మా వంశ ప్రతిష్ఠలో మిగిలిన ఆ ఒక్క మగ్గం మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఎవరి చాపో కనుక్కోకుండా ఇక ఎక్కడా కూర్చోను. తప్పైందని చెప్పాల్సిన రోజు మళ్లీ వస్తే, ఖాళీ కడుపుతోనే బయలుదేరతాను.