మూడు గంటలు దాటేదాకా

2021 ఫిబ్రవరి 4, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు. మంచు విడిచి ఎండ చురుక్కుమంటున్న వేళ. చోడవరం దగ్గరి చెరకు తోటలో, ఎండుటాకుల నడుమ, రాజులమ్మ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని కూర్చున్నది. యాభై యేళ్ళ మనిషి. చెరకు నరికి నరికి కాయలు కాచిన చేతులు. భయం వేసినప్పుడల్లా బొడ్డున దోపిన చుట్ట తీసి, నిప్పును నోటి లోపలికి తిప్పి అడ్డపొగ తాగడం ఆమె అలవాటు. నేడు చుట్ట వేళ్ళ మధ్య నలుగుతున్నదే గాని వెలిగించే ధైర్యం లేదు. పొగ కనబడితే పట్టుబడుతుంది. తమ వీధికి కుళాయి రావాలని పంచాయతీ ఎన్నికలో వార్డు మెంబరు పదవికి నామినేషను వేసింది. మూడు గంటలలోపు సంతకం చేసి దానిని ఉపసంహరించుకొన్నదంటే, ఎదుట నిలిచిన దుర్గారావుకు పదవి ఏకగ్రీవం.

గట్టుమీద మోటారు సైకిలు ఆగింది. “ఓ రాజులప్పా! ఎక్కడ నక్కేవు? ఒక్క సంతకం ఎట్టేసి పో. నీ ఓటు తప్ప నీకింకేటి పడతాది?” అని దుర్గారావు నవ్వాడు. అంతలోనే గొంతు మార్చి, “రాకపోతే తోటకి అగ్గెట్టేస్తాను, సూడు!” అన్నాడు. ఆమె చుట్టను పళ్ళతో కొరికిపట్టి దగ్గును మింగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది. కళ్ళు మూసుకొన్నది. వచ్చినది బీడీ వాసన మాత్రమే. ఫోను ఆపివేసినందున మూడు ఎప్పుడయినదో తెలియక, చక్కెర మిల్లు నాలుగు గంటల కూత కూసేదాకా అక్కడినుంచి కదలలేదు.

ఎన్నికలో రాజులమ్మకు డెబ్బై ఒక్క ఓట్లు పడ్డాయి. నూట నాలుగు ఓట్లు తెచ్చుకొని దుర్గారావు గెలిచాడు. ఆమె నేటికీ చెరకు నరకడానికి పోతున్నది. గట్టుమీద బండి ఆగితే మాత్రం కత్తి కింద పెట్టి, వెలిగించని చుట్టను పళ్ళ మధ్య పట్టుకొంటుంది.