కారం తెలిసిన కణాలు

నేను మంట మీద పరిశోధన చేస్తాను. ఈ మాట చెబితే మా బంధువుల్లో కొందరు అగ్నిమాపక శాఖ అనుకున్నారు. మా అత్తగారు మాత్రం అలా అనుకోలేదు. నేను పెళ్ళై పటమట వచ్చిన కొత్తల్లో, వంకాయలు తరుగుతూ, లాబ్‌లో నువ్వు చూసేది ఏంటమ్మా అని అడిగారు. నరాల కణాలండీ, వాటిలో మంట ఎలా పుడుతుందో చూస్తాను అన్నాను. ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి నా మొహంలోకి చూశారు. ఆవిడకి షుగరు ఉందని, సాయంత్రమయ్యేసరికి అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు ఉంటాయని నాకు అప్పటికి తెలియదు.

పైకి ఏమీ కనపడేది కాదు. పుండు లేదు, వాపు లేదు, చర్మం కందదు. ఆవిడ పెరటి గట్టు మీద కూర్చుని బకెట్టు చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే పామర్రు నుంచి వచ్చిన చుట్టాలు ముసిముసిగా నవ్వుకునేవారు. డాక్టర్లు షుగరు కదండీ, అలాగే ఉంటుంది అని బిళ్ళలు రాసి పంపేవారు. మా ఆయన ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపు నడుపుతారు. మంచి మనిషే. కాని ఇంజన్లతో బతికే మనిషికి పాడైంది కంటికి కనపడాలి. పైకేం లేదుగా అమ్మా, ఊరికే దాని మీదే ధ్యాస పెట్టుకోకు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ పాదాలు కుచ్చిళ్ళ కిందకి లాక్కునేవారు. నాకు ఒళ్ళు మండేది, కాని కొత్త కోడల్ని, ఏమంటాను?

ఒక సాయంత్రం ఆ బకెట్టు పక్కనే పీట వేసుకుని నాకు తెలిసింది ఆవిడకి చెప్పాను. వెన్నెముకకి రెండు పక్కలా చిన్న చిన్న ముడులుంటాయి. కాళ్ళ నుంచి, చేతుల నుంచి కబుర్లు మోసే నరాల కణాలు అక్కడ కాపురముంటాయి. వాటిలో కొన్నిటి గోడలకి ఒక రకం తలుపులుంటాయి, మేం రిసెప్టర్లంటాం. వేడి తగిలితే తలుపు తెరుచుకుని కణం మేలుకుంటుంది. కబురు వెన్నుపాములో ఇంకో కణానికి, అక్కడి నుంచి మెదడుకి పోతుంది, మనం అబ్బా అంటాం. చిత్రమేమిటంటే మిరపకాయలో ఉన్న కారం కూడా సరిగ్గా ఆ తలుపే తీస్తుంది. నోట్లో నిప్పు లేకపోయినా నోరు కాలినట్టుండేది అందుకే. షుగరు ముదిరినవాళ్ళలో ఆ తలుపుల బందులు వదులైపోయి, నిప్పూ కారమూ ఏదీ లేకుండానే తెరుచుకుంటున్నాయేమో అన్నది నేను పట్టుకున్న ప్రశ్న. ఆవిడ అంతా విని, "అయితే పైకేం కనపడదన్నమాట," అన్నారు. కనపడదండీ అన్నాను. ఆ మర్నాటి నుంచి నా క్యారియర్లో రెండు రకాల కూరలు ఉండేవి.

పాప పుట్టాక పరిశోధన ఆగింది. ఆగింది ఆగినట్టే పోయేది కూడా, మా అత్తగారు లేకపోతే. పిల్ల కాస్త నడక నేర్చి మాటలొచ్చాక, దీన్ని నేను చూసుకుంటాను, నువ్వు నీ లాబ్‌కి పో అన్నారు. మండే కాళ్ళతో పరిగెత్తే పిల్ల వెనక తిరగడమంటే ఏమిటో, ఆ నరాల గురించే చదివినదాన్ని, నాకు తెలియదా? తెలిసే వెళ్ళాను. ఆవిడకి నేను ఏం చేసినా తక్కువే. ఈ మాట ఆవిడ ఎదుట అంటే ఇంక చాల్లే అంటారు కాబట్టి ఇక్కడ అంటున్నాను.

యూనివర్సిటీ వాళ్ళకి ఇవేమీ పట్టవు. నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోవచ్చింది. జూన్‌లో రివ్యూ కమిటీ ముందు నా కణాలు నమ్మదగ్గట్టు పనిచేస్తున్నాయని చూపిస్తే గడువు పొడిగిస్తారు. చూపించలేకపోతే ఇన్నాళ్ళ చదువూ అంతటితో సరి. అప్పుడు నీట్ పిల్లలకి జువాలజీ చెప్పుకోవడమే. మా ఆయన ముందుచూపుతో ఒక కోచింగ్ కాలేజీలో మాట్లాడి ఉంచారు.

మే నెలలో ఆవకాయ పెట్టాం. కాయలు మార్కెట్లోనే ముక్కలు కొట్టించి తెచ్చి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు పెద్ద బేసిన్లో పోశాం. మా ఇంట్లో ఆవకాయ కలిపే హక్కు మా అత్తగారిది. ఇంకొకరిని బేసిన్ దరిదాపులకి రానివ్వరు. అలాంటిది ఈసారి బేసిన్ నా వైపు జరిపి, నువ్వు కలుపమ్మా అన్నారు. ఎందుకండీ అన్నాను. వేళ్ళు చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది, మంట కాళ్ళ నుంచి చేతులకి వచ్చిందని. ముందు మేజోళ్ళు తొడిగే మేర, తర్వాత చేతులు అని పుస్తకాల్లో ఉంది.

మాట మార్చడానికి, లాబ్ గ్లౌజులు తెచ్చి వేసుకుంటానండీ అన్నాను.

"గ్లౌజులేసుకుని కలిపితే ఆపరేషనైద్ది గాని ఆవకాయ అవ్వదు," అన్నారు.

మోచేతుల దాకా కలిపాను. పప్పునూనె ఆవిడే పోశారు, పోస్తూ ఇంకా అడుగు నుంచి తిప్పు అని అదిలిస్తూ. జాడీలకి ఎత్తాక బేసిన్లో మిగిలిన పిండిలో వేడన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టాను. నా చేతి ముద్ద తిని ఆవిడ ఉప్పు సరిపోయిందన్నారు. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే బంగారు పతకమే. చేతులు సబ్బుతో, నిమ్మకాయతో, శనగపిండితో కడిగాను.

మర్నాడు లాబ్‌లో టిప్పులు నింపే వంతు నాది. మందులూ ద్రావణాలూ కొలిచి తీసే పరికరం కొసకి సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు తగిలిస్తాం, అవే టిప్పులు. సంచుల లెక్కన వస్తాయి. వాటిని ఒక్కొక్కటే చేత్తో తీసి డబ్బాల్లో గుచ్చి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరి పట్టిస్తాం. గుచ్చేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలనే రూలుంది. ఎలాగూ ఉడికిపోతాయి కదా అని మా లాబ్‌లో ఎవరూ వేసుకోరు. వేళ్ళకి పనిచెప్పి నోటికి కబుర్లు చెప్పుకునే పని అది. నేనూ అలాగే నింపాను.

ఆ వారం మొదలైంది నా కష్టం. ఎలుక పిల్లల నుంచి తీసిన కణాలని పళ్ళెంలో పెంచి, మేలుకోగానే ఆకుపచ్చగా వెలిగే రంగు ఎక్కించి, చీకటిగదిలో మైక్రోస్కోపు కింద పెడతాం. ముందు ఒట్టి ఉప్పునీళ్ళు వెయ్యాలి. కణాలు ఉలక్కూడదు, పలక్కూడదు. తర్వాత కారపు మందు వెయ్యాలి, అప్పుడు వెలగాలి. నేను ఉప్పునీళ్ళు వేశాను. కణాలన్నీ భగ్గుమన్నాయి. కారపు మందు వేస్తే, అప్పటికే అలిసిపోయినట్టు చడీచప్పుడూ లేవు. నీళ్ళు మార్చాను, ఉప్పు మార్చాను, రంగు మార్చాను, కణాలే మార్చాను. అంతా తలకిందులే. తలప్రాణం తోకకొచ్చింది. ఉప్పునీళ్ళకే వెలిగే కణాలతో కమిటీ ముందుకి ఎలా వెళ్తావని మా గైడు మేడం అడిగారు. ఆవిడ కేకలేసినా బాగుండేది, మెల్లగా అడిగారు.

సిటీ బస్సులో ఏడుస్తూ ఇంటికొచ్చాను. భోజనాల దగ్గర సంగతి చెప్పాను. పోనీలే, కోచింగ్ కాలేజీ వాళ్ళు ఇవాళ కూడా ఫోన్ చేశారు, సరేనని చెప్పేద్దామా అన్నారు మా ఆయన. పుండు మీద కారం చల్లితే ఏ తలుపు తెరుచుకుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తల దించుకుని అన్నం కెలుకుతున్నాను. నాకూ ఓపిక అయిపోయింది. సరే అనబోయాను కూడా.

వడ్డిస్తున్న మా అత్తగారు గరిటె గిన్నెలో పెట్టేశారు. కొడుకుతో, "నా కాళ్ళకి మందు కనిపెట్టుద్దని గాదురా ఈ పిల్లని పంపింది. నా మంట మంటేనని ఒప్పుకున్న మనిషి ఇదొక్కతే. ఇది గూడా మానేస్తే ఇంక నా మాట ఎవరింటారు?" అన్నారు.

నా పరిశోధనకి ఫెలోషిప్పు ఇచ్చినవాళ్ళున్నారు, సీటు ఇచ్చినవాళ్ళున్నారు. దాని అవసరం నాకు చెప్పింది మాత్రం ఆ పూట ఆవిడే. పొద్దున్నే మళ్ళీ లాబ్‌కి వెళ్ళాను.

రెండు రోజులకి, నేను నింపిన టిప్పుల డబ్బాలు ఇంకా ఆటోక్లేవ్‌లోనే ఉండటంతో, పక్క గదిలో పరిశోధన చేసే అమ్మాయి దగ్గర ఒక డబ్బా అడిగి తెచ్చుకున్నాను. ఉప్పునీళ్ళు వేశాను. కణాలు కదల్లేదు. కారపు మందు వేశాను. వెలిగాయి. నమ్మలేక ఇంకో పళ్ళెం తీశాను, మళ్ళీ అలాగే. అప్పుడు ఆటోక్లేవ్ నుంచి నా డబ్బా ఒకటి తెచ్చి దానితో వేస్తే ఉప్పునీళ్ళకే భగ్గున మండాయి. ఒకే సంచిలోని టిప్పులు, ఒకే ఆటోక్లేవ్. గుచ్చిన చెయ్యే వేరు. అంతవరకు తెలిసింది గాని, నా చేతికేం మాయరోగమో తెలియలేదు. ఆలోచిస్తూ బయటికొచ్చి క్యారియర్ విప్పాను. కొత్తావకాయ, ముద్దపప్పు. వేళ్ళు నాక్కుంటూ ఉండగా చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆవిరికి క్రిములు చస్తాయి గాని కారం చావదు. నూనెతో సహా వేళ్ళ సందుల్లో ఉండిపోయిన కారం టిప్పులకి అంటింది. నా నాలుకకి కూడా తెలియనంత కారం ఆ కణాలకి తెలిసింది.

చెయ్యి కడుక్కుని పరిగెత్తుకుంటూ వెళ్ళి మేడంకి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వారు. అన్నాళ్ళలో ఆవిడ అంతలా నవ్వడం నేను చూడలేదు. ఆ డబ్బాలన్నీ పారేయమన్నారు, గ్లౌజుల రూలు తలుపు మీద అంటించమన్నారు, నేను గుమ్మం దాటుతుంటే పిలిచి ఆవకాయ ఓ సీసాడు తెచ్చిపెట్టమన్నారు. కమిటీ ముందు మంచి ఫలితాలతోపాటు ఈ పొరపాటు కూడా చూపించాను. కణాలు ఇంత పసిగడతాయంటే పనికొస్తాయి అని ఒక పెద్దాయన అన్నారు. గడువు పొడిగించారు. ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తగారు ఎత్తి, విని, ఫోన్ పెట్టడం మర్చిపోయి పక్కింటావిడకి చెప్పడం మొదలుపెట్టారు. చెవికి ఫోన్ ఆనించుకుని అంతా విన్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, ఆ కణాలు నాకు చూపించవా అని ఆవిడే అడిగారు. మా ఆయన కారులో మా ఇద్దరినీ లాబ్‌కి తీసుకొచ్చారు. చీకటిగదిలో ఆవిడకి స్టూలు సర్ది, కళ్ళజోడు తీయించి, మైక్రోస్కోపులో కళ్ళు పెట్టించాను. ఆ పళ్ళెంలో ఉన్నవి చక్కెర ఎక్కువ కలిపిన నీళ్ళలో పెంచిన కణాలు. వాటి మీద ఏమీ వెయ్యలేదు. అయినా ఉండుండి ఒకటి వెలుగుతోంది, ఆరుతోంది. ఇంకోచోట ఇంకొకటి. అన్నీ కాదు, కొన్నే. దీని మీద నేను చెయ్యాల్సిన పని ఇంకా కొండంత ఉంది. అదంతా ఆవిడకి చెప్పబోతుంటే చేత్తో ఆపారు.

"కారం వేశావా?" అన్నారు.

"లేదండీ. ఏమీ వెయ్యలేదు."

ఆవిడ ఇంకాసేపు చూశారు. తర్వాత స్టూలు మీద నుంచి మెల్లగా లేచి, గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకుని పిలిచి, నువ్వు చూడరా అన్నారు. ఆయన వచ్చి వంగి చూశారు. ఎంతసేపైనా తల ఎత్తరే. ఎత్తాక వాళ్ళమ్మని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టి, తను కింద మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, ఇప్పుడు గూడా మండుతున్నాయా?" అని అడిగారు.

ఆవిడ తల ఊపారు. ఈసారి పాదాలు వెనక్కి లాక్కోలేదు.