ఒడ్డుకు చేర్చమన్న పడవ

నేను సముద్రం చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. కానీ చేవెళ్ల నుంచి అజీజ్‌నగర్ దాకా ఉన్న ఫామ్‌హౌస్‌లలో ఓ పది పన్నెండు గోడల మీది రేవులూ చేపల పడవలూ నా చేతివే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. నేనూ చాలాకాలం నవ్వుకున్నాను, ఆ ఎండాకాలం దాకా.

అంతకుముందు చేవెళ్ల బజారులో నాది సైన్‌బోర్డుల దుకాణం. కిరాణా షాపులకూ బట్టల దుకాణాలకూ పేర్లు రాసేవాణ్ని. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులవి. ఊళ్లోకి ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. ఏళ్ల తరబడి నా చేత అక్షరాలు రాయించుకున్న సేట్లు ఒక్క మాటైనా చెప్పకుండా అటు వెళ్లిపోయారు. అప్పుడే మొయినాబాద్ వైపు జొన్న చేలల్లో కాంపౌండ్ గోడలు లేచాయి. వాటి లోపల కట్టిన ఇళ్లకు బొమ్మలు కావాల్సి వచ్చాయి. ఎక్కువమంది అడిగింది నీళ్ల బొమ్మే. ఈశాన్యంలో నీళ్లుండాలని వాస్తు చెప్పేవాళ్లు అనేవారు. బోర్లు ఎటూ ఎండిపోతున్నాయి, గోడ మీదైనా ఉండనీ అనుకున్నారేమో.

నీళ్లు వేయడం నేర్చుకోవడానికి మోపెడ్ మీద గండిపేట చెరువుకు పోయేవాణ్ని. తుమ్మచెట్టు కింద స్టాండు పెట్టుకుని, చేపలు పట్టేవాళ్ల పడవలు చూసి చిన్న చిన్న బొమ్మలు వేసేవాణ్ని. పొద్దున ఏడింటికి కలిపిన నీలం పదింటికల్లా తప్పయ్యేది. గాలి లేస్తే తడి రంగు మీద దుమ్ము పడేది. ఆ బొమ్మలు దుకాణానికి తెచ్చి, షట్టర్ సగం దించుకుని, వాటినే పెద్దవి చేసేవాణ్ని. ఓ క్యాలెండర్‌లోంచి లైట్‌హౌస్, ఇంకో క్యాలెండర్‌లోంచి నాలుగు కొబ్బరిచెట్లు తెచ్చి పెడితే గండిపేట కాస్తా సముద్రం అయిపోయేది. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఇక్కడ సముద్రం తెలిసినవాళ్లు ఎవరున్నారు?

తెలిసిన మనిషి ఒకామె అజీజ్‌నగర్‌లో వంట చేస్తోంది.

అది ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని కొత్తగా కట్టిస్తున్న ఫామ్‌హౌస్. హాల్లో ఈశాన్యం గోడకు పన్నెండడుగుల కాన్వాసు కావాలన్నాడు. అంత పెద్దది నా దుకాణంలో పట్టదు. అక్కడే వెనక గదిలో చెక్క ఫ్రేముకు గుడ్డ బిగించి పని మొదలుపెట్టాను. పనివాళ్లకు వండిపెట్టే వంటామె శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. రోజూ మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేది. వారం రోజులు బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు. ఓ రోజు చూసింది.

"ఇదేటి తమ్ముడూ?"

"సముద్రం అక్కా. రేవు."

"పడవలన్నీ నీళ్ల అంచునే పెట్టేశావు. పోటొస్తే ఉంటాయేటి?"

నాకు ముందు అర్థం కాలేదు. గండిపేటలో నీళ్లు ఎండాకాలం దిగుతాయి, వానలకు ఎక్కుతాయి. ఎక్కాయంటే అక్కడే ఉంటాయి. సముద్రం రోజుకు రెండుసార్లు ఒడ్డు మీదికి వచ్చి పోతుందని బళ్లో చదివే ఉంటాను, కానీ బొమ్మ వేసేటప్పుడు ఆ సంగతి ఒక్కనాడూ గుర్తు రాలేదు. పైగా నాకు కోపమొచ్చింది. అన్నం పెట్టే మనిషి నా బొమ్మకు వంకలు పెట్టడమా అనిపించింది.

"బొమ్మలెయ్యుడు నీకు ఎర్కనా అక్కా?" అన్నాను వెటకారంగా.

"నాకేటి తెలుస్తాది. మావోళ్లు పడవని ఇసకలో అంతెత్తుకి లాగుతారు, పదిమంది పట్టి. అదే సెప్పినాను" అని గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే కత్తితో ఆ పడవలన్నీ గీకేశాను. మధ్యాహ్నం ఆమె వచ్చి, గీకిన చోటు చూసి, గడప మీద కూర్చుంది. అడక్కుండానే చెప్పింది. ఆమె పెనిమిటి తుఫాను ముందురోజు పడవ మీద వెళ్లాడు. తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, పడవా రాలేదు. తరవాత చాలా రోజులు ఆమె ఒడ్డంతా తిరిగింది. వేరేవాళ్ల చెక్కలు కొట్టుకొచ్చాయి గానీ వాళ్లవి ఒక్కటీ రాలేదు. ఇంట్లో ఉన్న ఆయన ఫొటో ఒక్కటీ ఆ తుఫానులోనే నానిపోయింది.

"ఆయన్ని ఎయ్యమనను. పడవొక్కటి ఒడ్డుకి సేర్సు తమ్ముడూ. ఇసకలో, పోటు అందనంత ఎత్తున పెట్టు. సూసుకుంటాను" అంది.

"యేస్త అక్కా" అన్నాను.

అలా అని మాటిచ్చాను. ఆ మాట ఎవరూ నా చేత బలవంతంగా అనిపించలేదు.

ఆరు రోజులు ఆ ఒక్క పడవే వేశాను. అంతవరకు నేను వేసిన పడవలన్నీ అరటిదొప్పల్లా ఉండేవని అప్పుడే తెలిసింది. ఆమె గరిటె చేతిలో పట్టుకునే వచ్చి నిలబడేది. ముక్కు ఇంకా ఎత్తు అనేది. ఆ పక్క కాదు, ఈ పక్కకు ఒరుగుతాది అనేది. ముక్కు దగ్గర ఎడమ పక్కన ఒక పలక కుళ్లిపోతే కొత్తది వేయించారట. మిగతా పడవంతా నీలం, ఆ పలక మాత్రం ఉత్త చెక్క. పండక్కి రంగేద్దాంలే అన్నాడట. పండగ రాకముందే తుఫాను వచ్చింది. ఆ పలకను చెక్కరంగులోనే వేశాను. ఆమె అది చూసింది. వంటింట్లోకి వెళ్లి చిటికెడు పసుపు తెచ్చి, తడి రంగు మీదే పడవ ముక్కుకు అద్దింది. నూనె రంగులో పసుపు కలిసి ముద్ద కట్టింది. ఇంకెవరైనా అలా చేస్తే చెయ్యి విరిచేవాణ్ని. దాన్ని అలాగే ఉంచాను.

మిగతా పడవల్ని ఒడ్డుకు వస్తున్నట్టు నీళ్ల మీద వేసి పని ముగించాను. కాన్వాసు హాల్లోకి చేరిన తరవాతి ఆదివారం యజమాని వచ్చాడు. వెంట వాస్తు చూసే పెద్దమనిషిని తీసుకొచ్చాడు. ఆయన దిక్సూచి పట్టుకుని హాలంతా తిరిగి, బొమ్మ ముందు ఆగాడు. నీళ్లు బాగున్నాయన్నాడు. పడవలు ఇంటి లోపలికే వస్తున్నాయి, శుభం అన్నాడు. చివరికి వేలు ఇసుక మీదికి పోయింది.

"ఇదేమిటి, గట్టు మీద ఆగిపోయిన నావ? పలక కూడా సరిగా లేదు. వ్యాపారం చేసుకునేవారింట్లో నిలిచిపోయిన నావ ఉండకూడదండీ. తీసేయించండి."

యజమాని నా వైపు తిరిగాడు. "చిన్న చేంజే కదా. ఆ ఇసుకంతా వాటర్ చేసెయ్యండి. ఫ్రైడే గృహప్రవేశం, గెస్టులు వస్తారు."

"అది ఉండనియ్యుండ్రి సార్. మంచిగనే ఉన్నది కద" అన్నాను.

"బొమ్మ బాగానే ఉందండీ. సెంటిమెంట్ కదా, ఎందుకు రిస్క్" అన్నాడాయన, మర్యాదగానే.

యజమాని చెడ్డవాడు కాదు. అది ఎవరి పడవో చెప్పి ఉంటే వినేవాడేమో. నేను చెప్పలేదు. తిరిగిరాని మనిషి పడవ కొత్తింట్లో పెట్టావా అంటే కాన్వాసంతా పోతుంది, ఆమె పని కూడా పోతుంది అనుకున్నాను. ఆమె కోసమే నోరు మూసుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ గోడ బాగుంటే వచ్చినవాళ్లలో ఇంకో నలుగురు నన్ను పిలుస్తారని నాకు తెలుసు. ఫ్లెక్సీ వచ్చాక అలాంటి పిలుపుల మీదే బతుకుతున్నాను.

ఆమె లోపల వాళ్లకు భోజనాలు వడ్డిస్తోంది. ఇసుక మీదికి నీలం తెచ్చాను. ఆమె నాకు నేర్పిన పోటునే ఆమె పడవ మీదికి ఎక్కించాను. ముందు అడుగు మునిగింది, తరవాత ఉత్త చెక్క పలక, చివరికి ముక్కు. పసుపు ముద్ద కట్టిన చోట రంగు సరిగా పట్టకపోతే రెండోసారి పూశాను. ఆరు రోజులు వేసిన పడవ మునగడానికి పది నిమిషాలు పట్టలేదు. వాస్తు పెద్దమనిషి బాగుందన్నాడు.

వాళ్ల కార్లు వెళ్లిపోయాక ఆమె చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. నేను కుంచెలు కడుగుతున్నట్టు తల వంచుకుని ఉన్నాను. ఆమె బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది. మళ్లీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎక్కడ ముంచావు తమ్ముడూ?" అని అడిగింది.

లేచి వెళ్లి వేలితో చూపించాను. ఆమె అక్కడ అరచెయ్యి ఆనించింది.

"రంగు ఇంక ఆరలే అక్కా" అన్నాను.

చెయ్యి తీసి చూసుకుంది. అరచెయ్యంతా నీలం అయ్యింది. కాన్వాసు మీద ఆమె చేతి గుర్తు పడింది. నేను గుడ్డ తీసుకున్నాను, దాన్ని సరిచేద్దామని. నా చేతిలో గుడ్డ చూసి ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఆరినాక సెప్పు. ఓపాలి సెయ్యేసి సూసుకుంటాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ గుర్తు మీద మళ్లీ నీలం పూసి, సామాను మోపెడ్‌కు కట్టుకుని చేవెళ్ల వచ్చేశాను. ఆ రంగు ఆరడానికి వారం పడుతుంది. శుక్రవారం గృహప్రవేశం జరిగింది. ఆ నెలలోనే ఎంకపల్లి వైపు నుంచి ఇద్దరు నన్ను పిలిచారు, వాళ్లకూ రేవులే వేశాను. అజీజ్‌నగర్ మీదుగా ఎన్నోసార్లు పోయాను. ఆ గేటు ముందు బండి ఆపలేదు. రంగు ఆరిందని ఆమెకు చెప్పలేదు.