బాలింత బొమ్మ

పాస్టరుగారు బొమ్మను బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా రెండు సిరాబుడ్లు పెట్టారు.

“ఈయమ్మ ఎవురో చెప్పు తల్లీ. చెప్తే నీ ఉద్యోగానికి ఏం గాదు.”

“చెప్పను అయ్యగారూ” అంది మా అక్క.

కడపలో ఆడపిల్లల మిషన్ బడిలో ఆమె డ్రాయింగు టీచరు. బావ పోయాక ఆ ఉద్యోగం, దానితో పాటు బడివాళ్లు ఇచ్చిన గది, ఈ రెండే ఆమెకు ఆధారం. ఆమెకు మిగిలిన మగదిక్కు పత్రికకు వార్తలు పంపుకునే తమ్ముణ్ణి నేనే కాబట్టి నన్నూ పిలిపించారు. బల్లకు అవతల చర్చి సంఘపెద్ద, ఆయన భార్య కూర్చున్నారు.

యుద్ధం రోజులు. మంచి కాగితం దొరక్క అక్క పాత పరీక్ష పేపర్ల వెనక గీసేది. ఆ బొమ్మ పొరపాటున దిద్దిన పేపర్ల కట్టలో కలిసి ఆఫీసుకు పోయింది. ఒంటి మీద నూలుపోగు లేని బాలింత పీట మీద కూర్చుని, స్నానం నీళ్ల కోసం ఎదురు చూస్తోంది. వీపు వంగి ఉంది. పొట్ట మడతలు పడి ఉంది. బొడ్డు పక్కన చిన్నప్పుడు పెట్టిన వాత మచ్చ.

మా వైపు బాలింతకు నీళ్లు పోయడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు వెళతారు. అక్క అట్లా ఎన్నో ఇళ్లలో చెంబు పట్టింది. బడిలో ఇంగ్లండు నుంచి వచ్చిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులోనూ బట్టల్లేని ఆడవాళ్లే. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. “వాళ్లు, తమని ఎవురో చూస్తాండారని తెలిసి పండుకోనుంటారు రా” అని అక్క ఒకసారి నాతో అంది. “ఎవురూ చూడనప్పుడు ఆడమనిషి ఎట్లుంటాదో నేను గీస్తాండా.”

సంఘపెద్ద బొమ్మ మీదికి వంగాడు.

“వాత ఉండాది సూడండయ్యా. ఆయమ్మ చెప్పకుంటే పాయ. వాత ఉండే ఆడోళ్లను పిలిపిస్తే తేలిపోతాది.”

ఆయన భార్య ఆయన వైపు తిరిగింది.

“అట్లయితే మొదట నన్నే పిలిపిచ్చు” అంది. “దూరం పోయే పని గూడా లేదు. కడుపుబ్బితే వాత పెట్టని ఇల్లు యాడుండాది ఈడ? నీకు లేదా?”

ఆయన చెయ్యి పొట్ట మీదికి పోయి, వెంటనే బల్ల మీదికి వచ్చింది. పాస్టరుగారు కిటికీ వైపు చూశారు.

“మళ్లా కూర్చుందాం” అని పాస్టరుగారు లేచారు. బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ విచారణకు మళ్లీ ఎవరూ కూర్చోలేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు డ్రాయింగు తీసేసి, తాత్కాలికంగా కుట్టుపని నేర్పమన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కూడా అక్క కుట్టుపనే నేర్పుతోంది. ఆమె తప్పు చేసిందని గానీ, చేయలేదని గానీ చెప్పే కాగితం ఏదీ మాకు రాలేదు.